నాయుడుపేట దాకా

నేను నెల్లూరులో బస్సెక్కితే మా అబ్బాయికి తన ఫోనులో ఒక నీలం చుక్కనై కనపడతానట. మొన్న కూతుర్ని చూసిరావడానికి నాయుడుపేట బయల్దేరాను. గూడూరు దగ్గర బస్సు ఆగిందో లేదో, ఫోను మోగింది. "అమ్మా, ఎందుకు కదలడం లేదు?" అన్నాడు. "నేను కదలకపోవడమేమిట్రా, బస్సు కదలడం లేదు" అన్నాను. చుక్క ఆగిపోతే భయమేసిందట. వాడి ప్రేమను నేను కాదనను. కానీ ఫోను సంచిలో పడేశాక నాకు ఒళ్ళు మండింది. కన్నకొడుకైనా సరే, మనిషి ఎక్కడుందో ఆ మనిషిని అడక్కుండా తెలుసుకోవడం నాకు నచ్చదు. అలా అనుకోగానే మా పెద్దత్త గుర్తొచ్చింది. ఈ చుక్క సంగతి ఆమెకు తెలిసి ఉంటే ఫోనును పెన్నలో విసిరేసి, ఇంటికొచ్చి ఎవరో కొట్టేశారని చెప్పేది.

పెద్దత్త అంటే మా మామగారి అన్న భార్య. అరవైల మొదట్లో నేను కొడవలూరుకు కాపురానికి వచ్చేటప్పటికే ఆమె భర్త పోయి చాలా కాలమైంది. పిల్లలు లేరు. ఉమ్మడి కుటుంబం, ఉమ్మడి వరిపొలం. అందులో భర్త తరఫున ఆమెకూ భాగం ఉందని అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. పొడుగాటి మనిషి. బోసి నుదురు, ముక్కు చివర్న ఎప్పుడూ ఏదో వాసన పట్టినట్టు ఒక ముడత. లోకంలో ఎవరినీ నమ్మేది కాదు. పాలు పోసేవాడు మంచివాడని ఎవరైనా అంటే, "మంచోడే. నీళ్ళు కూడా మంచి బావివే పోస్తాడు" అనేది. రేడియో వాన వస్తుందంటే వడ్లు ఆరబోయించేది. చిత్రమేమంటే, చాలాసార్లు ఆమే గెలిచేది.

అలాంటి మనిషికి ప్రయాణాలంటే ఎంత అనుమానం ఉండాలో చెప్పక్కర్లేదు. బస్సు ఎక్కే ముందు టైరును కాలి బొటనవేలితో పొడిచి చూసేది. తర్వాత డ్రైవరు దగ్గరికి పోయి, "నాయనా, మీదే ఊరు?" అని ఎంతో ఆప్యాయంగా అడిగేది. అతను నోరు తెరిచి ఊరి పేరు చెబుతుంటే ముందుకు వంగి వాసన చూసేది. సారా వాసన లేదని తేలితే ఊరి పేరు వినకుండానే వెనక్కి తిరిగేది. సంచి బస్సు పైన వెయ్యనిచ్చేది కాదు. టిక్కెట్టును అందరిలా రవికలో దోపుకునేది కాదు, చెమటకు అక్షరాలు చెరిగితే అది టిక్కెట్టే కాదంటారని. గుడ్డపీలికలో చుట్టి, గాజుల్లేని మణికట్టుకు తాయెత్తులా కట్టుకునేది. బస్సుల రాకపోకలకు ఆమె దగ్గర సొంత నిఘంటువు ఉండేది. "ఇప్పుడే వస్తాది అంటే అన్నం వండుకోవచ్చు. వస్తా ఉండాది అంటే తిని చెయ్యి కడుక్కోవచ్చు. పొయ్యిందమ్మా అంటే మాత్రం బిన్నా పరిగెత్తాల, అది ఇంకా రాలేదని అర్థం."

తోటి ప్రయాణికుల మీద ఇంకా అనుమానం. "మొదటి మాటకే ఊరడిగినోడు రెండో మాటకు సంచి అడగతాడు" అనేది. అందుకని ఊరు అడిగితే ఎప్పుడూ ఇంకో ఊరు చెప్పేది. నెల్లూరు పోతూ సంగం అనేది, సంగం పోతూ కావలి అనేది. ఒకసారి నిజంగా సంగం పోయేవాడెవడో దొరికి, మీదే వీధి అని పట్టుకుంటే, "మా వీధి మొన్న పెన్నలో కలిసిపోయింది నాయనా" అని కళ్ళొత్తుకుందట. ఈ కథ ఆమే నాకు చెప్పింది. అతను కూడా కళ్ళొత్తుకున్నాడని చెప్పేటప్పుడు మాత్రం కాస్త గర్వపడింది.

ఇంత నమ్మకం లేని మనిషి ఇంట్లోంచి కదలకూడదు కదా! నెలకోసారో రెండుసార్లో తెల్లవారగానే చద్దన్నం తిని, సంచి భుజాన వేసుకుని బయల్దేరేది. దీపాలు పెట్టే వేళకు తిరిగొచ్చేది. ఎక్కడికో ఎవరికీ తెలియదు. తెలుసుకునే దారీ లేదు. బయల్దేరే మనిషిని "యాడికి?" అని అడిగితే పోయిన పని చెడుతుందని మా వైపు పట్టింపు. మహా అయితే "దూరమా?" అనాలి. "దూరమే" అనేది ఆమె. వచ్చాక అడిగితే "పనుండి పోయినా" అనేది. ఆ పట్టింపును కవచంలా తొడుక్కుని తిరిగింది.

అదే ఇంట్లో ఇంకో పట్టింపు ఉండేది. మా మామగారో మా ఆయనో పని మీద బయల్దేరితే ముత్తైదువ ఎదురు రావాలి. కొత్త కోడల్ని కాబట్టి ఆ ఉద్యోగం నాది. నిండు బిందె చంకన పెట్టుకుని గేటు బయట కాచుకుని ఉండి, మా అత్తగారు దగ్గగానే నడిచి రావాలి. అదే దగ్గుకు పెద్దత్త చేతిలో పని వదిలేసి వడ్లగదిలోకి పోయి తలుపు చేరవేసుకోవాలి. ఎవరూ పొమ్మని నోరు తెరిచి అనరు. దగ్గు చాలు. అన్నం తింటున్నా సరే, లేచి పోయేది. మగవాళ్ళు బండి ఎక్కి మలుపు తిరిగాక బయటికొచ్చి, చల్లారిన అన్నం ముందు మళ్ళీ కూర్చునేది. తను బయల్దేరే రోజు మాత్రం వీధి గుమ్మం వైపు రాదు. పెరటి దడి తీసుకుని పొలం గట్ల మీదుగా ట్రంకు రోడ్డెక్కేది.

ఆ ప్రయాణాల మీద ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కొక్క అనుమానం. ఆడవాళ్ళకు ఆస్తిహక్కు చట్టం వచ్చిన కొత్త రోజులవి. ఆమె నెల్లూరులో ప్లీడరును కలిసి భాగం పంచమని నోటీసు ఇప్పించబోతున్నదని మా మామగారి భయం. మా అత్తగారి భయం వేరు. ఊరి బడిలో పనిచేసే కిరస్తానీ టీచరమ్మ పెద్దత్తను ఎప్పుడు చూసినా "రండమ్మా" అని లోపలికి పిలిచి కుర్చీ వేసేది. "కుర్చీ వేసేది ఊరికేనా? రేపో మాపో ఈమెను వాళ్ళ గుళ్ళో కలుపుకుంటారు" అనేది అత్తగారు. సినిమాలకు పోతున్నదని మా ఆయన ఉద్దేశం. ఎందుకంటే నెల్లూరు పోతే ఆయన చేసే పని అదే. నాదీ మొదట్నుంచీ అనుమానపు పుట్టుకే. ఈ ముగ్గురి మాటా నాకు ఆనలేదు. ఏదో జబ్బు దాచిపెట్టి ఆసుపత్రికి తిరుగుతున్నదని నా అనుమానం.

ఒకరోజు మా మామగారు భోజనం దగ్గర తేల్చేశారు. "వదిన యాడికి పోతాందో ఈసారి తెలియాల. తెలియకపోతే ఇంక ఒంటరిగా గడప దాటనియ్యను. నలుగురూ నన్నడగతా ఉండారు." ఆమె వంటింట్లోనే ఉంది. చారు గిన్నె తీసుకొచ్చి అందరికీ వడ్డించి వెళ్ళింది. ఆమె ముఖంలో ఏమీ కనపడలేదు గాని, ఆ రోజు చారులో ఉప్పు లేదు.

సాయంత్రం మా అత్తగారు నన్ను పక్కకు పిలిచింది. "రేపు అక్క పోయేటట్టుండాది. సంచి దులపతా ఉండాది. కళ్ళు చూపించుకోవాలని చెప్పి నువ్వూ పో. యాడికని మాత్రం అడగబాక. ఊరికే చూసి రా."

మర్నాడు పెరటి దడి దగ్గర నన్ను చూసి పెద్దత్త ఆగిపోయింది.

"నెల్లూర్లో కళ్ళు చూపించుకోవాల పెద్దత్తా. నీతో వస్తా" అన్నాను.

ఆమె నా గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పి, రెండు కళ్ళూ మార్చి మార్చి చూసింది. "బాగానే ఉండాయే! నన్ను కనిపెట్టుకోని ఉండేదానికి ఈ మాత్రం చాల్లే. రా" అంది.

నెల్లూరులో దిగాక ఆమె ప్లీడర్లుండే వీధి వైపు చూడలేదు, మిషను ఆసుపత్రి వైపు తిరగలేదు. నేరుగా నాయుడుపేట బస్సు దగ్గరికి పోయింది. బస్సు ఖాళీగా ఉంది. టైరు పొడిచింది, డ్రైవరు వాసన చూసింది, మెట్టు మీద కాలు పెట్టింది. కండక్టరు పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"అవ్వా, అవ్వా! కాసేపు కింద నిలబడు. పొద్దున మొదటి ట్రిప్పు. ముందు ఈ అమ్మను ఎక్కనీ" అని నన్ను చూపించాడు.

బిందె లేకపోయినా నన్ను గుర్తుపట్టేశాడు! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వాడి మీద ఎంత కోపమొచ్చిందో మా ఇంటి మీదా అంతే వచ్చింది. రోజూ ఇంట్లో జరిగేదే, కానీ బజారులో, పరాయివాడి నోట వింటేగాని అదెంత చేదో నాకు తెలియలేదు. పెద్దత్త మాత్రం కాలు దించలేదు.

"నాయనా, మా ఇంట్లో అయితే తలుపు చాటుకు పోతా. వాళ్ళు మా వాళ్ళు, తప్పదు. నువ్వు నాకేమవతావు?"

"అది కాదవ్వా..."

"నీ బస్సు లెయ్యకపోతే నా మొహం చూసి కాదు, దాని రోగం దానికుండాది. చీటీ కొయ్యి. రెండు, నాయుడుపేట" అని లోపలికి పోయి, ముందు వరసలో కిటికీ పక్కన కూర్చుంది.

జనం ఎక్కారు. కండక్టరు ఎవరితో ఏం చెప్పాడో, ఎక్కినవాళ్ళందరూ ఓసారి ఆమెను చూసి కూర్చుంటున్నారు. డ్రైవరు బస్సు స్టార్టు చేయబోయాడు. అది దగ్గి ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. మళ్ళీ దగ్గింది. కండక్టరు పెద్దత్త వైపు చూశాడు. నేను తల వంచుకున్నాను. పెద్దత్త సంచిని ఒళ్ళో గట్టిగా పట్టుకుని, ఎదురుగా ఉన్న అద్దంలోకి చూస్తూ కూర్చుంది. ఆమె దిగిపోతుందేమోనని నాకు భయమేసింది. దిగితే మళ్ళీ ఎప్పుడూ ఎక్కదనిపించింది.

డ్రైవరు పెద్దవాడు. వెనక్కి తిరిగి కండక్టరును కసిరాడు. "ఏందిరా ఆమెను చూస్తావు? నిన్న మాత్రం లేసిందా ఇది? నిన్న ముందెక్కింది పెళ్ళి గుంపే గదా! దిగి తొయ్యండి."

మగవాళ్ళు దిగి తోశారు. కండక్టరూ తోశాడు. బస్సు గుర్రుమని లేచింది. అప్పుడు పెద్దత్త తల తిప్పి, చెమటలు కారుతూ ఎక్కుతున్న ఒక్కొక్క మగవాణ్ణీ వరసగా చూసింది.

ఊరు దాటాక పెద్దత్త నేను ఎరగని మనిషైపోయింది. తల మీది కొంగు జారితే సర్దుకోలేదు. గాలి ముఖానికి కొడుతుంటే ముక్కు మీది ముడత విడిపోయింది. రోడ్డు పక్క చింతచెట్లు, వరికోతల వాళ్ళు, తాటితోపులు ఏవి వచ్చినా ముందే చెప్పేది. "ఇప్పుడు కాలవ వస్తాది చూడు... ఇప్పుడు మలుపు... ఈడ ఎప్పుడూ ఒక ఎద్దు అడ్డమొస్తాది." ఎద్దు నిజంగానే అడ్డమొచ్చింది. మనుబోలు దగ్గర ఎక్కిన ఒకామె మా పక్కన ఇరుక్కుని, "యాడికమ్మా?" అని అడిగింది. ఇంకేం, అబద్ధం మొదలైంది.

"నాయుడుపేటలో పంచాయితీ ఉండాది తల్లీ. అన్నదమ్ముల తగాదా. నేను పోతేగాని తెగదని కూర్చోనుండారు."

"అయ్యో, నీ మాటే వింటారా?"

"నా మాటే. నేను అవునంటే అవును, కాదంటే కాదు. ఇద్దరి మొహాలూ చూస్తా, ఎవుడు అబద్ధమాడతాండాడో చెప్పేస్తా."

ఆమె నోరు తెరుచుకుని వింది. తన తోడికోడలి గొడవ చెప్పి తీర్పు అడిగింది. పెద్దత్త చాలా ఆలోచించి తీర్పు చెప్పింది. తప్పు నీదేనని కూడా చెప్పింది. ఆమె ఒప్పుకుని, ఒక దోసకాయ చేతిలో పెట్టి, నమస్కారం పెట్టి గూడూరులో దిగిపోయింది. మా ఇంట్లో కూర ఏం వండాలో కూడా పెద్దత్తను అడగరు. అయినా నాలోని అనుమానం ఊరుకోలేదు. అన్నదమ్ముల తగాదా అంటున్నది, కొంపదీసి ఇందులో కొంత నిజముందేమో! మామగారు చెప్పిందే నిజమేమో! నాయుడుపేటలో ప్లీడరు కాచుకుని ఉన్నాడేమో!

గూడూరు దాటేచోట రైలు గేటు పడింది. బస్సులో ఉడికిపోతున్నాం. పిల్లలు ఏడుస్తున్నారు, మగవాళ్ళు గేటువాణ్ణి తిడుతున్నారు. నేనూ తిట్టాను. పెద్దత్త ఒక్కతే దోసకాయ కోసుకుని తింటూ, "తొందరేముండాది! ఇది లేచేదాకా మనల్ని ఎవురూ ఏమీ చెయ్యమనరు" అంది.

నాయుడుపేటలో దిగాం. బస్టాండు పక్క కాఫీ హోటలుంది. బెంచీని అరచేత్తో నొక్కి, అది విరగదని తేల్చుకుని కూర్చుంది. సంచిలోంచి సొంత లోటా తీసి, అందులోనే కాఫీ పోయించుకుంది. పంచదార డబ్బాలో చీమలున్నాయేమో చూసింది. తాగుతూ వచ్చేపోయే బస్సుల్ని చూస్తోంది. మద్రాసు బస్సు వచ్చింది, కాళహస్తి బస్సు పోయింది, వెంకటగిరి బస్సు మీదికి ఎవరిదో మేకను ఎక్కిస్తున్నారు. ఎవరైనా వస్తారేమోనని నేను దారి వైపే చూస్తున్నాను. ఎవరూ రాలేదు. లోటా కడిగి సంచిలో పెట్టి లేచింది.

"పద. నెల్లూరు బస్సు నిలబడుండాది."

"అదేంది? నీ పని?"

"అయిపోయింది."

"ఏ పని పెద్దత్తా?" నాకు కళ్ళనీళ్ళొచ్చినంత పనైంది. "ఇంటికి పోతే మామ అడగతాడు. నేనేం చెప్పాల? ఇంత దూరం ఎందుకొచ్చినాం?"

ఆమె అటూ ఇటూ చూసింది. ఎవరూ వినడం లేదని తేలాక నెమ్మదిగా అంది. "ఊరికే వచ్చినాం. ఇంట్లో నేను కూర్చోగానే ఎవురో ఒకరు దగ్గతారు. లెయ్యాల. ఈడ చీటీ కోసినాడంటే ఆ సీటు నాయుడుపేట దాకా నాది. కలెక్టరు వచ్చినా లెమ్మనలేడు. పొద్దున చూసినావు గదా, వాడు దిగమన్యాడు, నేను దిగలా."

అంతే. ప్లీడరు లేడు, గుడి లేదు, సినిమా లేదు, జబ్బు లేదు. కూర్చోవడానికి వచ్చిందామె. దగ్గినప్పుడల్లా బిందె పట్టుకుని వీధిలోంచి నడిచొచ్చే నేను ఆమెకు ఏం చెప్పగలను? తిరుగు బస్సులో కూడా కిటికీ పక్కన ఆమే కూర్చుంది. ఆమె ప్రశాంతంగా బయటికి చూస్తోంది. నాకు మాత్రం ఒకటే దిగులు. ఇంట్లో ఈ నిజం చెబితే ఎవరూ నమ్మరు. ఊరికే పోయిందంటే ప్లీడరు దగ్గరికి పోయిందన్నదానికంటే పెద్ద అనుమానం పుడుతుంది. నమ్మితే ఇంకా ప్రమాదం. పని లేనప్పుడు పోవడమెందుకని ఆపేస్తారు.

ఇంటికి చేరేటప్పటికి మామగారు పంచలో మంచం మీద కూర్చుని ఉన్నారు. మా అత్తగారు స్తంభం పక్కన నిలబడింది. పెద్దత్త పెరట్లో కాళ్ళు కడుక్కుంటోంది. నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. వింటున్నదని నాకు తెలుసు.

"ఏమ్మా, యాడికి పోయినారు?" అన్నారు మామగారు.

"మొక్కు మామా" అన్నాను. ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకే తెలియదు. "నాయుడుపేట అవతల అమ్మవారికి మొక్కుకోని ఉండాదంట. ఎవురికోసమో చెబితే ఫలం పోతాదంట. నేను అడగలా."

మా అత్తగారు లెంపలేసుకుంది. "మా తల్లే! మన పిలకాయల కోసమే ఉంటాది. నోరు జారి ఏమేమో అంటిమే!"

మామగారు మంచం మీంచి లేచారు. ఆయన ముఖంలో అనుమానం పూర్తిగా పోలేదు గాని, అమ్మవారిని అనుమానించే ధైర్యం ఆయనకు లేదు. చివరికి "మొక్కంటే అడ్డం చెప్పకూడదులే. పోనీ. ఎప్పుడు పోవాలంటే అప్పుడు పోనీ" అన్నారు. పెరట్లో నీళ్ళ చప్పుడు మళ్ళీ మొదలైంది.

మర్నాడు బావి దగ్గర పెద్దత్త నన్ను పట్టుకుంది. థాంక్సు చెప్పడానికి వచ్చిందనుకుంటే పొరపాటు. ముక్కు మీద ముడత మామూలు కంటే లోతుగా ఉంది.

"రాత్రి మీ మామకు ఏందో చెప్పినావంట."

"విన్నావు గదా."

"ఎందుకు చెప్పినావు? లాభం లేకుండా ఎవురూ అబద్ధమాడరు. నాకు తెలియదా? నీకేం కావాల, చెప్పు."

నాకేమీ వద్దని చెప్పాను. నమ్మలేదు. వద్దన్నవాళ్ళే ఎక్కువ లాగుతారంది. ఆమె చూపు చూస్తే, ఏదో ఒకటి అడగందే నాకు విడుదల లేదని అర్థమైంది. ఆలోచిస్తే నాకూ ఒక కోరిక ఉందని తేలింది.

"అప్పుడప్పుడూ నన్ను కూడా తీసకపో పెద్దత్తా."

తల ఒక పక్కకు వంచి చాలాసేపు నన్ను తూచింది. "సరే. రా. ఎవురన్నా అడిగితే పంచాయితీ అని చెప్పాల. మధ్యలో నవ్వబాక. ఇంకేం కావాల?"

"నాయుడుపేట దాకా నేను కిటికీ పక్కన కూర్చుంటా."

ఆమె చేతిలోని చేంతాడు జారి బావిలో పడబోయింది, పట్టుకుంది. ఇంటి వైపు ఒకసారి చూసి, నా చెవి దగ్గరికి వంగి, ప్రాధేయపడుతున్నట్టు అంది.

"పొలంలో నా భాగం రాసిమ్మన్నా రాసిస్తా తల్లీ. అదొక్కటీ అడగబాక."